బియ్యపు పురుగును, డెల్ఫ్టు తాతగారును



గత మాసమున ఈ పుటలయందు మేము పప్పుదినుసుల నిలువను గూర్చి వ్రాసిన నాలుగు మాటలకు చాల ఉత్తరములు వచ్చినవి. అందు నెల్లూరు మండలమునుండి ఒక సోదరి వ్రాసినది మమ్ము విడువకున్నది. బియ్యమును ఎంత శుభ్రపరచి, మూత బిగించి దాచినను నెల తిరుగకుండ ముక్కుపురుగు కనబడుచున్నదట. దూరివచ్చుటకు సందులేదట. బియ్యము ముక్కినపుడు గింజయే పురుగుగా మారునని అత్తగారు చెప్పుచున్నారట. "కాదనుటకు మాకు నోరాడుట లేదు, ఔననుటకు మనసొప్పుట లేదు. నిజమేమి?" అని ఆమె ప్రశ్న.

ఆ యత్తగారిని చూచి నవ్వుటకు మాకు అధికారము లేదు. మేమును అట్లే నమ్మి పెరిగినవారమే. చిన్ననాట మా తండ్రిగారు వీధి యరుగుమీద కూర్చుండబెట్టి మాకు అమరమును, పిదప కావ్యములును చెప్పుచు, ప్రాణులు నాలుగు తెగలనిరి. గర్భమున పుట్టునవి జరాయుజములు, గ్రుడ్డునుండి వెడలునవి అండజములు, నేలను చీల్చుకొని మొలచునవి ఉద్భిజ్జములు, చెమటనుండియు ఉక్కనుండియు పుట్టునవి స్వేదజములు. పేను, నల్లి, దోమ, ఈగ ఈ కడపటి తెగలోనివి. మనుస్మృతియందును అట్లే కలదు. మా జడలో పేను దొరికినప్పుడెల్ల మా అమ్మమ్మ "చెమట పట్టిన తలలో పేలు పుట్టక మానునా!" యనెడిది. శాస్త్రమును, అమ్మమ్మయు ఏకమైనపుడు ఎనిమిదేండ్ల పిల్ల కిక సందేహమెక్కడిది? ఇది మనదేశపు నమ్మకమే యని తల వంచుకొననక్కరలేదు. గ్రీసుదేశపు అరిస్టాటిలు మొదలుకొని ఐరోపా పండితులును రమారమి రెండువేల యేండ్లు ఇట్లే చెప్పుకొనిరి.

ఈ ముడిని విప్పినవారిలో ఇటలీదేశపు వైద్యుడు రెడీ యొకరు. మాంసముపై కదలాడు పురుగులు ఈగ గ్రుడ్లనుండి పుట్టినవే యని ఆయన 1668వ సంవత్సరమున చూపిరి. మఱియొకరు పండితుడు కాడు, వైద్యుడును కాడు. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణమునందలి బట్టల వర్తకుడు. పేరు ఆంటొనీ ఫాన్ లేవెన్‌హుక్. 1632లో పుట్టి 1723లో, తొంబది యేండ్లు నిండిన పిదప, కాలధర్మము నొందిరి. మా వారు బడిలో ఆయన కథను పిల్లలకు చెప్పి, ఇంటికి వచ్చి మాకును చెప్పిరి. ఆ రాత్రి మజ్జిగ తోడువేసి, వంటిల్లు సర్ది కూర్చున్న మాకు, ఈ నెల్లూరు ఉత్తరమును ఆయనకే చూపినచో నెట్లుండునను కోరిక పుట్టినది. ఆయన నోట మేమిచట పలికించు మాటలు మా కల్పనలు. అందలి విషయములు మాత్రము ఆయన జీవితములోనివి, ఆయన లేఖలలోనివి.

1716వ సంవత్సరమనుకొందము. ఆయనకు ఎనుబది నాలుగేండ్లు. డెల్ఫ్టులో కాలువ యొడ్డున "బంగారు తల" యను పేరుగల యిల్లు. తలుపు తీసినది ఆయన కుమార్తె మరియా. అరువదేండ్ల యామె, పెండ్లి యాడక తండ్రిని కనిపెట్టుకొని యున్నది. మన వైపున మరియమ్మగా రనెడివారు. మాకు డచ్చి రాదు, ఆమెకు తెలుగు రాదు; ఊహలో దుబాసీ యక్కర లేదు గదా!

"ఎవరైనను పరిచయలేఖ తేనిదే నాయనగారు చూడరమ్మా," అని ఆమె నెమ్మదిగా ననెను. ఆ పెద్దమనిషిని చూడవచ్చు జనము మితిమీరుటచే ఆ కట్టుబాటు చేసికొనిరి. మాకు రాజులిచ్చిన లేఖ యెక్కడిది? సంచిలోనున్న నెల్లూరు ఉత్తరమే ఇచ్చితిమి. ఆమె లోనికి పోయి చదివి వినిపించినట్లున్నది. మరుక్షణమున లోపలినుండి, "బియ్యపు పురుగా? రమ్మను, రమ్మను!" అని కేక వినబడినది.

గదిలో చిన్నచిన్న ఇత్తడి పరికరములు. సూక్ష్మదర్శిని యనగానే మన మనసునకు తోచు పొడుగాటి గొట్టము ఒక్కటియు లేదు. బొటనవ్రేలి పొడవుగల రెండు రేకులు, వాని నడుమ ఆవగింజకన్నను చిన్నదగు గాజుపూస, వస్తువును గ్రుచ్చుటకు ఒక సూదిమొన, దానిని జరుపుటకు మరలు, అంతే. కంటికి ఆనించి వెలుతురువైపు చూడవలెను. ఇట్టివి ఆయన ఐదువందలకు పైగా చేసిరి. బట్టల వర్తకులు నూలుపోగులు లెక్కించుటకు భూతద్దము వాడుట కద్దు. ఈ వ్యసనము అక్కడనే మొదలైనదందురు. ఆ కాలమున డచ్చివారు మన మచిలీపట్టణమున కోఠి పెట్టి మనవారి నేతబట్టలను ఓడలకెత్తుచుండిరి. ఈయన బల్లమీద మన నేతగాని పోగొకటి ఎన్నడైన పడియుండునా యని మాకొక వెఱ్ఱి యూహ.

"తాతగారూ, గింజ పురుగగునా?" అని అడిగితిమి.

"ఎన్నటికిని కాదమ్మా. నేను గోధుమలను గాజుగొట్టములలో పోసి, పురుగులను జతపరచి, దినదినము చూచితిని. ఆడుపురుగు ముక్కుతో గింజకు తొలిచేసి గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనే తిని, లోపలనే పెరిగి, రెక్కలు వచ్చిన పిదప బయటపడును. మీ సోదరి మూత బిగించుట పురుగును లోపల పెట్టి తాళము వేయుటయే."

సోదరీ, ఇదిగో మీకు ప్రత్యుత్తరము. చెరిగినను, ఏరినను మనకు దొరకునది పెద్దపురుగే; గింజలోని పిల్ల కంటబడదు. అందుచేతనే అది శూన్యమునుండి పుట్టినట్లు తోచును. మీ యత్తగారు చూచినది అబద్ధము కాదు. చూడ వీలులేనిదొకటి నడుమనున్నది, అంతియే.

స్వేదజముల మాట తెచ్చితిమి. పేను చెమటనుండి పుట్టునని మా పెద్దలనిరంటిమి. ఆయన పకపక నవ్వి, కాలు ముందునకు చాచి మేజోడును చూపిరి. ఈ కథ మీలో కొందరికి రోతగా నుండవచ్చును. మాకు మాత్రము ఎన్ని మారులు తలచినను ముచ్చటయే. ఆయన ఆడుపేలు రెండింటిని మేజోడులో నుంచి, అది జారకుండ బిగించి, దినములతరబడి కాలినుండి తీయక కుట్టించుకొనిరి. పిదప విప్పి, ఈరులెన్ని, పిల్లలెన్ని యని లెక్కించిరి. రెండు పేలు రెండు మాసములలో వేలకొలది సంతతికి అమ్మమ్మలు కాగలవని గణించిరి. మన యిండ్లలో ఆదివారపు మధ్యాహ్నములందు పేను దువ్వెనతో మనము చేయు యుద్ధమునకు కారణమంతయు ఆ లెక్కలో నున్నది. మా తండ్రిగారు చెప్పిన నాలుగు తెగలలో ఒకటి ఆ మేజోడులో కూలిపోయినది. మా తండ్రిగారు జీవించియుండిన ఏమనెడివారో! ఆయన వాదములో ఓడుటకు ఇష్టపడనివారు. కాని ఎవరైన ప్రత్యక్షప్రమాణము చూపినచో మౌనము వహించెడివారు.

"మీ దేశపు మిరియములే నన్ను పెద్ద చిక్కులలో పెట్టినవి," అనిరి తాతగారు. డచ్చివారు 1663లో కొచ్చిని పట్టుకొన్న పిదప మలబారు మిరియము వారి యోడలలో విరివిగా పోవుచుండెను. మిరియము నాలుకను మండించుటకు కారణమేమి, దానికి కంటబడని ముండ్లున్నవా యని ఈయనకు సందేహము. మిరియములను నీటిలో నానవేసి రమారమి మూడు వారములుంచి, 1676 ఏప్రిలు 24న ఆ నీటిబొట్టును చూచిరి. ముండ్లు కనబడలేదు, లెక్కకందని ప్రాణులు తిరుగుచుండెను! అందు కొన్ని యెంత చిన్నవనగా, నేడు మనము బాక్టీరియా యనుచున్న వానిని తొలుత చూచిన మనుష్యుడు ఈయనయే యని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ యేటి అక్టోబరు 9న లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరము వ్రాసిరి. వారు నమ్మలేదు. ఊరి మతగురువులను, ఇతర పెద్దలను మొత్తము ఎనమండుగురను పిలిచి చూపి, సాక్ష్యపత్రములు వ్రాయించి పంపవలసి వచ్చినది. 1677 నవంబరున రాబర్టు హుక్ మహాశయుడు తానే చేసి చూచి, ఉన్నవనిన పిదప నమ్మిరి. 1680లో తమ సభ్యునిగా ఎన్నుకొనిరి.

ఈయనకు లాటిను రాదు, ఆంగ్లము రాదు. మాతృభాషయగు డచ్చిలోనే ఏబదేండ్లు ఉత్తరములు వ్రాసిరి, కావలసినవారు అనువదించుకొనిరి. ఆంగ్లము చాలని మావంటివారికి ఈ ముక్క కొంచెము బలమిచ్చునని ఒప్పుకొనుచున్నాము. మేమీ సంగతి ఎత్తగానే మరియాగారు బీరువానుండి ఒక వెండిపతకము తెచ్చి చూపిరి. లూవేను విశ్వవిద్యాలయపు పండితులు ఆ యేడే పంపిరి. తోడుగా లాటినులో ఆయనను పొగడుచు పద్యములు. చదువుటకు ఆయనకు రాదు. ఒకరు తెలియజెప్పగా విని కన్నీరు పెట్టుకొనిరి.

అన్నిట మంచివారే కాని ఒక్క విషయమున మాకాయనపై కోపము కలదు. మేలైన పూసలను ఎవరికిని చూపరు. ఎట్లు చేసితిరన్న చెప్పరు. రుష్యా చక్రవర్తి పీటరు 1698లో వచ్చినపుడు మలుగుచేప తోకలో నెత్తురు పారుట చూపిరి గాని, రహస్యము విప్పలేదు. జర్మను పండితుడు లైబ్నిట్సు, పడుచువారికి నేర్పుడని వ్రాసినను ఒప్పుకొనలేదు. "నేర్చువారు డబ్బునకో, పేరునకో వత్తురు, ఓపికతో చూచుటకు వేయింట ఒకడు రాడు," అని విసుగుకొనిరి. బడిపంతులు భార్యకు ఈ మాట చెవి కెక్కునా? వేయింట ఒకడే వచ్చినను వాని కొరకు మిగిలిన వారందరికిని చెప్పుట మా యింట వృత్తి. ఆయన గతించిన పిదప ఆ సన్నని ప్రాణులను అంత స్పష్టముగా చూడగలవారు నూరేండ్లకు పైగా అరుదైరి. విచిత్రమేమనగా, 2021లో డెల్ఫ్టులోనే శాస్త్రజ్ఞులు న్యూట్రాను కిరణములతో ఆయన పరికరమును విప్పకుండ లోపల చూడగా, 266 రెట్లు పెద్దదిగా చూపు ఆ పూస, గాజును కరగించి చేసిన గోళమని తేలినది. ఆ పద్ధతిని హుక్ మహాశయుడు అప్పుడే గ్రంథములో అచ్చువేసియుండెను. రహస్యమని దాచినది బజారులోని పుస్తకమునందే యున్నదన్నమాట!

పండ్లపాచి కథ మీలో చాలమంది వినియుందురు. ఈయన ప్రతి యుదయమును ఉప్పుతో పండ్లు తోముకొనెడివారు. అయినను పండ్ల సందులలో మిగిలిన తెల్లని పాచిని చూడగా ప్రాణులు గుంపులుగా నుండెను. ఇద్దరు స్త్రీల పాచిని, జన్మమెత్తి నోరు కడుగని యొక ముసలివాని పాచిని కూడ చూచి 1683లో వ్రాసిరి. తన నోట నున్న ప్రాణుల సంఖ్య తన దేశపు జనసంఖ్యను మించునట! తరువాత నొకప్పుడు ముందుపండ్లపై ప్రాణులు చచ్చియుండుట చూచి, ఉదయమున వేడికాఫీ త్రాగుటయే కారణమై యుండునని తలచిరి. ఈ కాఫీమాట మీరు గుర్తుంచుకొనుడు.

ఇంతవరకు మేము నవ్వుచునే యుంటిమి. అడుగవలెనని వచ్చిన ప్రశ్న అడుగుటకు నోరు రాలేదు.

లేవెన్‌హుక్ దంపతులకు ఐదుగురు బిడ్డలు. నలుగురు పసితనముననే పోయిరి. మరియా యొక్కతె మిగిలినది. తల్లి బార్బరాయు 1666లో కన్నుమూసినది. అటుపిమ్మట చాల యేండ్లకు, 1681లో, తాతగారికి విరేచనములు పట్టుకొన్నవి. ఆయన స్వభావము మీకు తెలిసినదే గదా. దానినిగూడ అద్దము క్రింద పెట్టి చూచిరి. పలచని పాదములతో పాకులాడు ప్రాణి యొకటి కనబడినది. చూచినది చూచినట్లు వ్రాసి హుక్‌గారికి పంపిరి. అది గియార్డియా యను ప్రాణి యనియు, అతిసారమునకు అదియు నొక కారణమనియు నేటి వైద్యులు ఆ వ్రాతను బట్టి గుర్తించుచున్నారు.

సోదరీమణులారా, ఏడేండ్ల క్రిందట మా రెండవ బిడ్డ పదునొకండు మాసముల ప్రాయమున అతిసారముచే మూడు దినములలో మమ్ము విడిచిపోయినది. బంధువుల పెండ్లికి పోయియుంటిమి. ఎండ. పిల్ల దప్పికకు ఏడ్చుచుండగా విడిదిలోని బానలో నీరు చల్లగా నున్నదని మేమే గిన్నెతో ముంచి పట్టితిమి. ఆ నీటివలననే అయ్యెనని ఎవరును రూఢిగా చెప్పలేదు. చెప్పనక్కరయు లేకపోయినది. ఈ పుటలయందు ఈ సంగతి మేమిదివరకు వ్రాయలేదు.

"తాతగారూ, అది మీ చేతిలోనికి వచ్చినది గదా. మీకు విరేచనములగుచున్నవి, ప్రాణి అందులోనే యున్నది. ఇదియే కారణమేమో యని తోచలేదా? నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్నవారు గదా మీరు!" అంటిమి. మాట కొంత పరుషముగనే వచ్చినది.

ఆయన చాలసేపు పలుకలేదు. పిదప, "అమ్మా, ఆరోగ్యవంతుని నోటను ప్రాణులున్నవి. వాననీటిలో నున్నవి. మిరియపు నీటిలో నున్నవి. నేను చూచిన చోటనెల్ల నున్నవి, నేను ఎనుబది నాలుగేండ్లు బ్రతికియున్నాను. అన్నిచోట్ల నున్నదానిని శత్రువని ఎట్లందును? ఉన్నదని చూచితిని; ఉన్నదని వ్రాసితిని. చూడనిది వ్రాయుట నాకు చేతకాదు," అనిరి.

ఈ మాటకు బదులు చెప్ప మాకు తోచలేదు. నిజమునకు ఆ చిక్కు విడుటకు ఇంకను నూటయరువదేండ్లు పట్టినది. ప్రాణులన్నియు శత్రువులు కావనియు, ఏ రోగమునకు ఏ ప్రాణి యను లెక్క వేరుగా తేల్చవలెననియు పాస్తరు, కోఖు మహాశయుల కాలమునకు గాని తెలియలేదు. ఆ కోఖుగారే మన కలకత్తాకు వచ్చి, 1884లో కలరా ప్రాణిని రోగులయందును, వారు వాడు చెరువు నీటియందును కనిపెట్టిరి. మిరియపు నీటినుండి కలకత్తా చెరువు వరకు 208 సంవత్సరములు. ఆ నడుమ ఎందరు తల్లులు, ఎన్ని గిన్నెలు!

అంతవరకు గుమ్మమున నిలిచియున్న మరియాగారు మా దగ్గరకు వచ్చిరి. "మీ కాలమున దానికి ఉపాయము తెలిసినదా అమ్మా?" అని అడిగిరి.

"తెలిసినదమ్మా. నీరు తెరలకాగనిచ్చి చల్లార్చి త్రాగించిన చాలును. మీ నాయనగారి కాఫీవలెనే."

"అంతమాత్రమేనా?" అనెను ఆమె.

"అంతమాత్రమే," నంటిమి. ఆమె తండ్రివైపు చూడలేదు. పొయ్యి యున్న వంటింటివైపు చూచెను. తమ్ములను, చెల్లెండ్రను ఎత్తుకొని తిరిగినదో, లేక వారి పేర్లు మాత్రమే వినినదో, అడుగ మాకు ధైర్యము చాలలేదు. తండ్రి గతించిన పిదప ఆయన చెప్పియుంచిన ప్రకారము ఇరువదియారు వెండి సూక్ష్మదర్శినులను పెట్టెలో పొందుపరచి లండనుకు పంపినది ఈ మరియాయే. ఆ పెట్టె తరువాతి శతాబ్దమున అచట కనబడకుండ పోయినదట.

మేము కన్ను తెరచునప్పటికి దీపము క్రింద నెల్లూరు ఉత్తరము అట్లే యున్నది.

మరునాడు ఆదివారము. మా వారు బడినుండి ఒక కాగితపు సూక్ష్మదర్శినిని తెచ్చిరి. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి మను ప్రకాశుగారు, ఆయన సహచరులు 2014లో లోకమునకు చూపినది; దళసరి కాగితమును మడచి, నడుమ తాతగారి పూసవంటి గాజుపూస నుంచినది. 140 రెట్లు పెద్దదిగా చూపును. తాతగారు ఐదువందలు చేసి దాచినదానిని బడిపిల్లలు సంచులలో వేసికొని తిరుగుచున్నారు. మా పెద్దమ్మాయి పెరటి తొట్టినీటి బొట్టునొకదానిని పెట్టి చూచి, కేరింతలు కొట్టుచు మమ్మందరను పిలిచినది. గింజవంటిది యొకటి తిరుగుచు, త్రాడువంటిది యొకటి మెలికలు తిరుగుచు పోవుచున్నవి. మా యత్తగారు కన్నానించి, "ఇంత తేటనీటిలోనా!" అనిరి. రోగము తెచ్చు ప్రాణులు అనేకము దీనికికూడ అందనంత చిన్నవని మా వారు చెప్పుచుండగా, ఆమె విననట్లే యుండి, "కాచిన నీటిబొట్టు పెట్టుము," అనిరి.

అదే తొట్టినీటిని గిన్నెలో తెరలకాచి, చల్లార్చి, పిల్ల బొట్టు పెట్టినది. ఏదియు కదలుట లేదు. మా యత్తగారు ఆ కదలని బొట్టునే చాలసేపు చూచుచు కూర్చుండిరి. పిల్ల తన వంతు వచ్చినదని తొందరపెట్టినను ఇయ్యలేదు.